మా నాయన చేత, మా నాయన యొక్క

ఆ రోజుల్లో తిరుపతిలో ఇంజనీరింగు గట్టెక్కిన కుర్రకారు రెండు రకాలుగా ఉండేది. బెంగళూరు బస్సెక్కేవాళ్ళు ఒక రకం. ఆ బస్సెక్కేవాళ్ళని చూసి, "ఒకడి కింద పనిచేసే ఖర్మ మనకెందుకు" అని నవ్వేవాళ్ళు ఇంకో రకం. నేను రెండో రకం. స్టార్టప్ అనే మాట అప్పుడప్పుడే మా ఊళ్ళోకి దిగింది. అంతకుముందు పనీపాటా లేనివాణ్ణి పనీపాటా లేనివాడనే అనేవాళ్ళు. ఆ మాట వచ్చాక వాడే ఫౌండర్ అయిపోయాడు. నేనూ ఫౌండర్నే. (విజిటింగ్ కార్డులు కూడా కొట్టించాను. ఒక కట్ట ఇంకా మా అటక మీదే ఉంది. వెనకవైపు తెల్లగా ఉంటుంది కనక మా ఆవిడ వాటి మీద సరుకుల చీటీ రాసుకుంటుంది.) ఈ కథ ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు. నేనూ నవ్వించడానికే చెబుతాను. కాని ఇందులో నవ్వులపాలైంది నేను కాదు, మా నాయన. ఆ ముక్క ఒప్పుకుని కాగితం మీద పెట్టడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

మా నాయన తెలుగు పండితుడు. బడిలో ఉన్నంతసేపూ అచ్చుపుస్తకంలా మాట్లాడి, గేటు దాటగానే చిత్తూరు మాటలోకి దిగిపోయేవాడు. నిలువు నామం, ఉతికిన పంచె, జేబులో ఎర్ర పెన్ను. ఆయన దగ్గర చదివి పైకొచ్చినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేని ఆఫీసు లేదు. ఇక తిరుపతిలో పుట్టినవాడికి ఒక శాపం ఉంది, అది మీకూ తెలిసే ఉంటుంది. ఎక్కడెక్కడి చుట్టాలో ఫోను చేస్తారు, మొదటి మాటలో మన ఆరోగ్యం, రెండో మాటలో పిల్లల చదువు, మూడో మాటలో "దర్శనం ఒకటి చూడప్పా." నాయన దగ్గర అందరికీ ఒకటే జవాబు. "క్యూలో నిలబడండి. ఆయనకేం తొందర లేదు, మీకెందుకు తొందర?" అమ్మకు సొంత తమ్ముడు, మా మామ, కొత్తగా పెళ్ళైన కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని వచ్చి అడిగినా అదే జవాబు. మామ విస్తరి ముందు నుంచి లేచిపోయి మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మ దాని మీద ఎన్నేళ్ళు ఏడ్చిందో లెక్కలేదు. నాయన మాత్రం చలించలేదు. "శిష్యుడి ముందర సెయ్యి సాచిన అయ్యవారు రేప్పొద్దున వాడి సెవి మెలెయ్యలేడే" అనేవాడు. వీధిలో ఆయనకు అడగని అయ్యవారు అని పేరు పడిపోయింది. కొందరు గౌరవంగా అనేవాళ్ళు, కొందరు వెటకారంగా. ఆయనకు రెండూ ఇష్టమే. రిటైర్మెంటు ఒక్క ఏడాది ఉందనగా, "ఇంకేం మిగల్లేదు గాని, ఆ పేరొక్కటి ఇంటికి తీసకపోతా" అని మురిసిపోతుండేవాడు.

మా స్టార్టప్ గురించి చెప్పాలి. ఫౌండర్లం ఇద్దరం, నేనూ బ్యాటరీ గాడూ. (వాడి ఫోనుకు ఎప్పుడూ చార్జింగు ఉండేది కాదు, ఏ ఇంటికి వెళ్ళినా ముందు ప్లగ్గు ఎక్కడుందని అడిగేవాడు. అందుకని ఆ పేరు.) చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు కాయ దిగే కాలంలో ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది మా బాధ. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు కనుచూపు మేర బారులు తీరి ఉంటాయి. రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు. కింద నీడలో రైతు పడుకుని ఉంటాడు, పైన ఎండలో కాయ కుళ్ళిపోతుంటుంది. ఆఖరికి గేటు దాకా వెళ్తే లోపలివాళ్ళు కాయను నొక్కి చూసి తిప్పి పంపిస్తారు. తిరిగొచ్చే దారిలో ఆ కాయలు రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ ట్రాక్టరు మీద తలొంచుకుని పోతున్న మనుషుల్ని నేను కళ్ళారా చూశాను. దానికి మేము కనిపెట్టిన మందు ఫోన్లో టోకెను. తన వంతు ఏ గంటకో తెలిస్తే రైతు ఆ గంటకే తోటలోంచి బయల్దేరతాడు. అంతే. క్యూ గురించి తిరుపతి వాడికి తెలిసినంత ఇంకెవడికి తెలుస్తుంది చెప్పండి. మాకు లేనిదల్లా మమ్మల్ని నమ్మి పెట్టుబడి పెట్టే మనిషి.

ఆ మనిషి ఒకరోజు మా కాలేజీకే ఉపన్యాసానికి వచ్చాడు. చిత్తూరాయన. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయ దించే కూలీగా మొదలై, క్రేట్లు అమ్మి, ఆఖరికి ఫ్యాక్టరీయే కొని, ఇప్పుడు కుర్రవాళ్ళ స్టార్టప్పుల్లో డబ్బు పెడుతున్నాడు. ఆయనకు మేము పెట్టుకున్న పేరు గుజ్జన్న. కోటూ సూటూ లేవు, చెప్పులు వదిలి వేదికెక్కాడు. "క్రేట్లు అమ్మాలని ఒక మేనేజరు గేటు ముందర నెలల తరబడి నిలబడినాను. ఆఖరికి ఆయన వాచ్‌మన్‌తో, 'ఈణ్ణి లోపలికి ఇడిసిపెట్టప్పా, లేకుంటే మన గేటు అరిగిపోతాది' అన్నాడు. నేను సెప్పేది ఒకటే. కాళ్ళు నొప్పెట్టేదాకా నిలబడండి. నొప్పెట్టినాక ఇంకా రొంతసేపు నిలబడండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనైతే లేచి నిలబడే ఉన్నాను, కాళ్ళు నొప్పెడుతున్నాయో లేదో చూసుకుంటూ. ఆయన నాలుగింటికి లేచి రాగి అంబలి తాగుతానన్నాడని మర్నాటి నుంచి బ్యాటరీ గాడు అంబలి మొదలుపెట్టాడు. మూడో రోజుకి వాడి కడుపు స్టార్టప్ నుంచి తప్పుకుంటానంది. నేను నాలుగింటికి చన్నీళ్ళు పోసుకుని వారం రోజులు తుమ్ముతూ తిరిగాను. విజయానికి ఇదంతా మామూలే అనుకున్నాను.

జలుబు తగ్గగానే రోజూ మొదటి బస్సెక్కి చిత్తూరు వెళ్ళి గుజ్జన్న ఇంటి గేటు ముందు నిలబడడం మొదలుపెట్టాను. పూతలపట్టు దగ్గర టీ, గేటు దగ్గర ఎండ, సాయంత్రం మళ్ళీ బస్సు. మొదటిరోజే వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "బోరు మోటారు రిపేరికి వచ్చినావా?" అన్నాడు. కాదన్నాను. "మరి సంబంధం మాట్లాడనీకా?" అన్నాడు. కాదన్నాను. "అయితే నిలబడు" అన్నాడు, ఆ రెండు పనులకీ తప్ప మిగతా అన్నిటికీ నిలబడడమే విధి అన్నట్టు. వారం తిరిగేసరికి మాకు స్నేహం కుదిరింది. ఊరికే నిలబడడమెందుకని నా చేతికి నీళ్ళ పైపు ఇచ్చాడు. మూడు వారాలు గడిచాక ఒక ఉదయం గుజ్జన్న కారు దగ్గరికి వస్తూ మొక్కలకు నీళ్ళు పెడుతున్న నన్ను చూసి, "కొత్త తోటమాలా?" అన్నాడు. "కాదు సార్, ఫౌండర్ని" అన్నాను, పైపు వదలకుండా. ఆయన పగలబడి నవ్వి వరండాలో కూర్చోబెట్టాడు.

మా కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. ఫోను లేని రైతు ఏం చేయాలని అడిగాడు, టోకెను తీసుకుని రానివాడి వంతు ఎవరికి పోతుందని అడిగాడు. నేను చెప్పినవాటికి తల ఊపుతూ, "ఇది పనికొస్తాదప్పా" అన్నాడు. తర్వాత ఏ ఊరన్నాడు, తిరుపతి అన్నాను.

"మీ నాయన యాం జేస్తాడు?"

"తెలుగు పండిట్ సార్."

"ఓహో, అయ్యవారా! అయితే ఆయన దగ్గర సదువుకున్నోళ్ళు ఊరంతా ఉంటారే!"

"ఉన్నారు సార్. శానా పెద్ద పోస్టుల్లో ఉన్నారు."

"మంచిది. ఇంకేం వద్దు నాకు. మీ నాయన దర్శనం ఒకటి సేయించప్పా, సాలు. అదైనాక సంతకం పెడతా" అని చెప్పి ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇంతేనా అనుకున్నాను. తిరుపతి వాడి చెవిలో దర్శనం అన్న మాట పడితే దానికి రెండో అర్థం ఉండదు. అందులోనూ ముందు మాట ఏమిటి? నాయన శిష్యులు ఊరంతా ఉన్నారనే కదా! ఫ్యాక్టరీలు కొన్న మనిషి కూడా ఆఖరికి మా మామలాగే మూడో మాటకు దర్శనం దగ్గరికి వచ్చాడని బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. సంగతి వినగానే బ్యాటరీ గాడు, "ఇన్నాళ్ళకు మనూరు మనకు పనికొచ్చింది రా" అని నన్ను ఎత్తి తిప్పాడు. ఇంకో ఇరవై రోజుల్లో కాయ దిగుతుంది, ఈలోగా సంతకం పడాలి. నాయనతో ఒక శిష్యుణ్ణి అడిగిస్తే, ఒక సిఫారసు లెటరు చేతికొస్తే, అయిపోయింది.

నాయన ఎప్పటి జవాబే చెప్పాడు. "క్యూలో నిలబడమను." నాకు కోపం రాలేదు. గుజ్జన్న విద్య నేర్చుకున్నవాణ్ణి కదా, అదే విద్య ఇంట్లో మొదలుపెట్టాను. నాయన నామం పెట్టుకుంటుంటే అద్దంలో కనబడేట్టు వెనక నిలబడ్డాను. పేపర్లు దిద్దుతుంటే బల్ల పక్కన నిలబడ్డాను. ఆయన అన్నం తింటుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. అమ్మ నవ్వలేక, ఏడవలేక, "వాడికేమన్నా గాలి సోకిందా" అని అడిగేది. వారం గడిచింది. కాయ దిగే రోజు దగ్గరపడింది. ఒక సాయంత్రం నా నోట్లోంచి, ఇప్పటికీ నేను వెనక్కి తీసుకోలేని మాట వచ్చేసింది. "ముప్పై ఏండ్లు పాఠాలు సెప్పి, ఆపదకు పనికొచ్చే మనిషిని ఒక్కణ్ణి సంపాదించుకోలేకపోతివే నాయనా. నా బతుకు గంగలో కలిసినా నీ పేరు మాత్రం నీకు సల్లగా ఉండాల" అన్నాను. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నాయన నావైపు చూడలేదు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సగం దిద్దిన పేపరు అలాగే ఉండిపోయింది. మర్నాడు ఉదయం సెలవుచీటీ రాసి పంపించి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, "స్కూటరు తియ్యి" అన్నాడు. గెలిచానని నేను గంతులేసుకుంటూ తీశాను.

ఆ శిష్యుడు ఏ పదవిలో ఉన్నాడో చెప్పను, పేరూ చెప్పను. బడిలో ఆఖరి బెంచీ వాడు. అల్లరి ఎక్కువై నాయన ఎక్కువ రోజులు తరగతి బయటే నిలబెట్టేవాడట. ఇప్పుడు ఆ శిష్యుడి గది బయట నాయన నిలబడాల్సి వచ్చింది. చీటీ మీద పేరు రాసి లోపలికి పంపాలి. పంపేముందు నాయన గోడ మీది బోర్డు చూశాడు. "సందర్షకుల వేళలు" అని ఉంది. ఉండబట్టలేక అక్కడి గుమాస్తాతో, "నాయనా, అక్కడ ష గాదప్పా, శ రావాల" అన్నాడు. గుమాస్తా బోర్డును చూశాడు, నాయన్ని చూశాడు, "మంచిది సార్" అని ఆయన చీటీని దొంతరలో అన్నిటికంటే అడుగుకు తోశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ఒక్క అక్షరం ఖరీదు రెండు రోజులు. మొదటిరోజు కుర్చీ దొరికింది గాని, చంటిబిడ్డతో వచ్చిన ఒకావిడకు ఇచ్చేశాడు. రెండోరోజు దొరకనే లేదు. చక్కెర జబ్బు మనిషి, సాయంత్రానికి పాదాలు బూరెల్లా పొంగాయి. ఇంటికొచ్చి అమ్మ వేన్నీళ్ళు పెడితే కాళ్ళు అందులో ముంచుకుని కూర్చున్నాడు. "సాలు నాయనా, వద్దులే" అనే మాట నా గొంతు దాకా వచ్చింది. గుజ్జన్న మాట గుర్తొచ్చింది, నొప్పెట్టినాక ఇంకా రొంతసేపు. మింగేశాను.

మూడో రోజు నాయన మళ్ళీ చీటీ రాసి చేత్తో పట్టుకుని ఉండగా, లోపలి నుంచి ఆ శిష్యుడే బయటికొచ్చి ఆయన్ని చూశాడు. చెడ్డవాడు కాదు. చూడగానే పరుగున వచ్చి అందరి ముందూ కాళ్ళకు దండం పెట్టాడు. "మా అయ్యవారు! నన్ను రోజూ బయట నిలబెట్టేవారు. ఈ పొద్దు పాపం ఆయన్నే నిలబెడితిమే!" అన్నాడు. హాలంతా నవ్వింది. ప్రేమగానే నవ్వారు. లెటరు అక్కడికక్కడే వచ్చేసింది. చేతిలో పెడుతూ, "మీరు నోరు తెరిచి అడగడమే నాకు పండగ. ఇంకేం కావాలన్నా మొహమాటం లేకుండా అడగండి" అన్నాడు. స్కూటరు మీద ఇంటికి బయల్దేరాం. రోడ్డు పక్క కుళాయి కనబడితే నాయన ఆపమని, చేతులు కడుక్కుని పుక్కిలించి ఉమ్మేశాడు. అప్పుడు చెప్పాడు. "వాడు కాళ్ళ మీద పడినాడు రా. దీవించాలని సెయ్యి లేపితే సేతిలో సీటీ ఉండాది. నోట్లోకి ఏమొచ్చిందో తెల్సునా? 'సల్లగుండు నాయనా' అని వచ్చింది. అడుక్కునేవాళ్ళు అనే మాట. మింగేసినాను." నేనేమన్నానో చెబితే మీరు నన్ను చీదరించుకుంటారు. "లెటరు మడత పడకుండా పట్టుకో నాయనా" అన్నాను.

గుజ్జన్న కవరు విప్పి లెటరు ముందూ వెనకా చూశాడు. "ఇదేందప్పా?" అన్నాడు.

"దర్శనం లెటరు సార్. మా నాయన మూడు దినాలు నిలబడి తెచ్చినాడు. ఎప్పుడూ ఎవుర్నీ అడగని మనిషి సార్, మీకోసం అడిగినాడు" అన్నాను. గొప్పగానే అన్నాను.

ఆయన లెటరు మడిచి నా ముందు పెట్టాడు. "నేను కొండకు నడిసే పోతాను. నాకెందుకప్పా లెటరు? నేను సూడాలంటి మీ నాయన్ని. మీ నాయన దర్శనం అంటి గదా" అన్నాడు. ఆయన నెమ్మదిగా చెప్పుకుపోయాడు. "కూలికి పోకముందు నేనొక వ్యాపారంలో దిగి పడిపోతిని. ఉపన్యాసాల్లో అది సెప్పను. నేను పడింది మా నాయన మీద. ఆ అప్పు తీర్చనీక ముసిలితనంలో వచ్చి నా పక్కనే కాయ దించినాడు. ఆ గేటు దగ్గర్నే బరువు నెత్తిన పెట్టుకోని కూలబడి సచ్చిపోయినాడు. అందుకని ఏ పిల్లోడికి సంతకం పెట్టాలన్నా ముందు వాళ్ళ నాయన్ని సూస్తాను. 'వీడు పడితే నీ మీద పడతాడు, మోస్తావా' అని అడగతాను. ఇప్పుడు మీ నాయన్ని అడిగే పన్లేదు. నువ్వు ముందే ఎత్తేసినావు ఆయన నెత్తికి." నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తాడు. "సంతకం పెట్టనప్పా. నిలబడమన్నది నిన్ను. నొప్పెట్టాల్సింది నీ కాళ్ళు, మీ నాయన కాళ్ళు గాదు."

ఇంటికొచ్చి, మా యాప్ ఆయనకు నచ్చలేదని అబద్ధం చెప్పాను. లెటరు గడువు దాటి చెల్లకుండా పోయింది. బ్యాటరీ గాడు వారం తిరక్కుండా బెంగళూరు బస్సెక్కాడు. ఎక్కేముందు మా ఇంట్లో చివరిసారి ఫోను చార్జింగు పెట్టుకుని వెళ్ళాడు. నాయన ఎప్పట్లాగే బడికి పోయేవాడు. ఏడాది తిరిగాక రిటైర్మెంటు సభ. ఆ శిష్యుడే ముఖ్య అతిథి. మైకు ముందు నిలబడి కళ్ళనీళ్ళతో, "మా అయ్యవారు ఎవుర్నీ ఏదీ అడగలేదంటారు. తప్పు! నన్ను అడిగినారు! ఒక్క దర్శనం లెటరు కోసం మూడు దినాలు నా గుమ్మం దగ్గర నిలబడినారు! నా జన్మకు అంతకంటే ఏం కావాల!" అన్నాడు. చప్పట్లు ఆగలేదు. మెడలో దండతో కూర్చున్న నాయన నేల చూపులు చూస్తున్నాడు. ఇంటికి తీసుకుపోతానన్న ఒక్క పేరూ ఆ మైకులో అలా పోయింది. ఆ తర్వాతి వారం నుంచి మా ఇంటిముందు చెప్పులు మొదలయ్యాయి. "అయ్యవారూ, తమరి మాట చెల్లుతాదంట గదా, ఒక్క లెటరు..." పాలవాడు అడిగాడు, పక్కవీధి లాయరు అడిగాడు. ఒకరోజు మామే వచ్చాడు. గొడవేమీ పడలేదు. అమ్మ వడ్డించిన మజ్జిగన్నం చివరిదాకా తిని, చెయ్యి కడుక్కుని, "మంచిది బావా, మనవాళ్ళకే లేదన్నమాట" అని వెళ్ళిపోయాడు.

ఇక దాచలేక ఒకరోజు ఉదయం వసారాలో ఆయన పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. గుజ్జన్న అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. "మీ నాయన దర్శనం ఒకటి సేయించప్పా" అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు, తరగతిలో పద్యం అప్పజెప్పించుకున్నట్టు. చెప్పాను. ఒక నిమిషం కళ్ళు మూసుకుని ఉండి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఓరి నీ! ఆయన విభక్తి మింగేసినాడు, నువ్వు నీకు నచ్చింది తగిలించుకుంటివి! చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయ అనుకుంటివి. అది యొక్క రా, షష్ఠి! మీ నాయన చేత గాదు, మీ నాయన యొక్క! తెలుగు పండితుడి కొడుక్కి విభక్తులు రావని తెలిస్తే నా పెన్షను ఆపేస్తారు రా!" అమ్మ లోపలి నుంచి వచ్చి, ఆయన నవ్వుతున్నందుకు తానూ నవ్వింది. సంగతి ఆమెకు తెలియదు. నేనూ నవ్వాను. ఏడాదిన్నర తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

నవ్వు తగ్గాక నాయన పంచె అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే నన్ను సూసి ఏమడగాలనుకున్నాడంట?" అన్నాడు.

"నేను పడిపోతే మోస్తావా అని నాయనా."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, నావైపు ఒక్కసారి చూశాడు. "అదొకరు అడగాల్నా రా?" అన్నాడు. అని స్నానానికి లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఉన్నన్నాళ్ళూ ఎవరు కాళ్ళకు దండం పెట్టినా దీవించలేదు, తిరిగి చేతులు జోడించేవాడు. నా పెళ్ళిలో మేమిద్దరం వంగితే రెండు చేతులూ మా తలల మీద పెట్టాడు గాని నోటివెంట మాట రాలేదు. పురోహితుడు గట్టిగా మంత్రం చదివి ఆ ఖాళీని పూడ్చాడు. నేను ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తాగా చేరి, నాలుగు సీజన్లు ఆ ట్రాక్టర్ల మధ్య నా కాళ్ళ మీదే నిలబడ్డాను. ఐదో ఏట గుజ్జన్న సంతకం పెట్టాడు. అప్పటికి నాయన లేడు, మీ నాయన్ని చూపించు అని ఆయన ఆసారి అనలేదు. ఇప్పుడు రెండు ఫ్యాక్టరీల్లో మా టోకెన్లు నడుస్తున్నాయి. గొప్ప కంపెనీ ఏమీ కాదు. కాయ కుళ్ళడం పూర్తిగా ఆగిందా అంటే ఆగలేదు, కొంచెం తగ్గింది. అప్పుడప్పుడూ కాలేజీల వాళ్ళు నన్ను కూడా పట్టుదల గురించి మాట్లాడమని పిలుస్తారు, నేను ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాను. చిత్తూరు వెళ్ళే మొదటి బస్సులో ఎప్పుడైనా, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, లోకాన్ని గెలవబోతున్న మొహంతో కూర్చున్న ఒక కుర్రవాడు నాకు గుర్తొస్తాడు. వాడి పక్క సీట్లో కూర్చుని, "ఒరే, ఇంటికి పోయి మీ నాయన పక్కన రొంతసేపు కూర్చో" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వింటాడా వాడు? పట్టుదల గలవాడు కదా.